నీళ్ళు ముట్టని నీరటి

మా బావ రఘుపతి ఆఖరుగా చేసిన పని, కాలువలో అడ్డంపడిన ఖర్జూరపు మట్టను చూసి పక్క తోటలో ఉన్న మనిషిని పిలవడం.

పొద్దున పూట. ఒమాన్‌లో ఇబ్రి పట్టణం దాటి కొండల వైపు పోతే సుదేరా అని చిన్న ఊరు వస్తుంది. ఊరి తోటల మధ్య సిమెంటు పూసిన సన్నటి కాలువ పారుతుంది. ఎండిన మట్ట ఒకటి కొట్టుకొచ్చి, నీళ్ళు మళ్ళించే మడవ దగ్గర ఇరుక్కుంది. నీళ్ళు గట్టెక్కి పక్కకు పొర్లుతున్నాయి. బావ కాలువ అంచునే నిలబడి ఉన్నాడు. వంగితే చేతికందేంత దూరంలో మట్ట. వంగలేదు.

“జావెద్ భాయ్, జర ఇధర్ ఆవ్! మట్ట అడ్డం పడ్డది, నీళ్ళన్ని ఆగమైతున్నయ్!”

జావెద్ సింధ్ నుంచి వచ్చిన మనిషి. పక్క తోటలో పనిచేస్తాడు. బావ మాటల్లో సగం తెలుగే ఉన్నా అన్నేళ్ళ స్నేహం మీద ఆయనకు అర్థమయ్యేది. వచ్చి మట్ట లాగి గట్టు మీద పడేశాడు. “హా, ఠీక్” అని బావ తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ముఖం తుడుచుకుని చెట్టు మొదట్లో కూర్చున్నాడు. జావెద్ తన పనిలో పడి, కాసేపటికి ఏదో అడుగుదామని తిరిగి చూస్తే బావ ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. వయసు యాభై దాటి ఎంతో కాలేదు.

“ఆఖరికి కూడా నీళ్ళు ముట్టలేదు భాయ్” అన్నాడు జావెద్ నాతో, ఆసుపత్రి మెట్ల మీద.

బావ ఎందుకు ముట్టలేదో చెప్పాలంటే ఆయన ఎవరి కొడుకో చెప్పాలి.

జగిత్యాల జిల్లాలో ఒక చెరువు కింది ఊరు బావది. వాళ్ళది నీరటి ఇల్లు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. పటేల్ పట్వారీలున్న కాలంలో ఊరికి కావలి కాసేవాడు, దండోరా వేసేవాడు ఉన్నట్టే చెరువు తూము తీసేవాడు, మూసేవాడు ఒకడుండేవాడు. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు పోవాలో, ఎవరి మడవ ఎప్పుడు కట్టాలో వాడి చేతిలో ఉండేది. వాడు నీరటి. మా అక్క శాంతవ్వను ఆ ఇంటికిచ్చేనాటికి నేను బడికి పోతున్నాను. మాది వేరే ఊరు, బోర్ల కింది సేద్యం. మోటరు స్విచ్ వేయడం తప్ప నీళ్ళ సంగతి మాకేమీ తెలియదు. అక్కను చూడబోయినప్పుడల్లా బావ తండ్రి భుజం మీద పారతో చెరువు కట్ట మీద కనిపించేవాడు. మేము మామ అని పిలిచేవాళ్ళం. వెనకే బావ. మామ నోరు తెరిచేవాడు కాదు, బావ నోరు మూసేవాడు కాదు.

పటేల్ పట్వారీలు పోయారు, మండలాలు వచ్చాయి. నీరటి పని కాగితం మీద పోయినా అలవాటు కొద్దీ చాలా కాలం నడిచింది. తర్వాత చెరువును మరమ్మతు చేసి, పాత రాతి తూము తీసేసి ఇనుప షట్టర్ పెట్టారు. మామ పోయాక బావ కూడా ఊళ్ళో చాలామంది లాగే గల్ఫ్ దారి పట్టాడు.

మొదట ఒమాన్ తీరంలోని సహం పట్టణంలో బిల్డింగ్ సైట్. సముద్రం పక్కనే రూమ్. “ఏం నీళ్ళురా బామ్మర్దీ, కండ్లు తిరుగుతున్నయ్ చూస్తుంటె. ఒక్క మడికి అక్కరకు రావు” అని ఫోన్‌లో నవ్వేవాడు. అప్పటికే నేను ఇబ్రి బజారులో పైపులు, కుళాయిలు అమ్మే దుకాణంలో పనిచేస్తున్నాను. సహంలో సైట్ పని ముగిసి కంపెనీ అందరినీ ఇంటికి పంపుతున్న రోజుల్లో హసన్ అనే ఒమానీ మా దుకాణానికి వచ్చాడు. ఇబ్రిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, సొంతూరు సుదేరా. ముసలి తండ్రికి తోట పనిలో తోడుగా మనిషి కావాలన్నాడు. నేను బావ పేరు చెప్పాను.

బావను సుదేరాకు తీసుకుపోయిన రోజు దుకాణం పికప్‌లో ఇద్దరమే ఉన్నాం. దారంతా రాళ్ళ మైదానం, దూరంగా బూడిదరంగు కొండలు. రోడ్డుకు అడ్డంగా ఎండిన వాగులు వస్తూ ఉంటాయి. అక్కడ నీళ్ళొస్తే ఎంత లోతో తెలియడానికి ఎరుపు తెలుపు రంగుల గుంజలు పాతి ఉంటాయి. బావ ప్రతి వాగు దగ్గరా తల బయట పెట్టి ఎగువకూ దిగువకూ చూశాడు.

“విలాయత్ విలాయత్ అంటరు గదా, గదేందిరా?”

“మన మండలం లాంటిదనుకో బావా. ఇబ్రి విలాయత్ ఇటు కొండలు, అటు ఇసుక ఎడారి దాకా ఉంటది. గా బోర్డు అవుతల యంకుల్ విలాయత్, ఇంకో దిక్కు ధంక్.”

“గంత పెద్ద మండలానికి ఎమ్మార్వో ఎవడు?”

“వాలీ అంటరు. ఊళ్ళకు షేకులుంటరు.”

“షేకంటే సర్పంచా, పటేలా?”

“ఓట్లు వెయ్యరు. పటేలే అనుకో.”

“మరి నీళ్ళకెవరున్నరు?”

“నీళ్ళకు మనిషెందుకు బావా?”

బావ నన్ను జాలిగా చూశాడు. “పైపులమ్మెటోనివి గదా, నీకెట్ల తెలుస్తది. నీళ్ళున్న కాడ ఒక మనిషి ఉంటడు. లేకుంటె కొట్టుకొని సస్తరు.”

ఆ మనిషి మాకు సుదేరాలో మొదటే ఎదురయ్యాడు. హసన్ తండ్రే. ఊరంతా ఆయన్ని అబూ హసన్ అనేవారు. ఆయన ఆ ఊరి కాలువకు వకీల్. బావ కోర్టు వకీలనుకుని చెప్పులు విడిచి దండం పెట్టాడు. అబూ హసన్ వయసులో ఉండగా కొన్నాళ్ళు బొంబాయి ఓడల మీద తిరిగిన మనిషి, కొంచెం హిందీ వచ్చు. నేను అడిగి తెలుసుకుని చెప్పాను. అక్కడి కాలువను ఫలజ్ అంటారు. కొండ కింద తల్లి బావి ఉంటుంది. అక్కణ్ణుంచి నీళ్ళు భూమి లోపల సొరంగంలో నడిచి ఊరి మొదట్లో బయటపడతాయి. కాలువ ఊరందరిది. ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అన్నది చూసేవాడు వకీల్. తగవు వస్తే ముందు ఆయనే తేలుస్తాడు. ఆయన వల్ల కాకపోతే షేక్. అప్పటికీ కాకపోతే ఇబ్రిలో వాలీ ఆఫీసు.

అంతా విని బావ, “నీరటే గదరా!” అన్నాడు. పెద్ద గొంతుతో అన్నాడు. ముసలాయనకు ఏమర్థమైందో గాని ఆయనా నవ్వాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య నా అవసరం పడలేదు. శుక్రవారం సెలవు దొరికినప్పుడు వెళ్తే ఇద్దరూ కాలువ గట్టు మీద కూర్చుని ఉండేవారు. ముసలాయన అరబ్బీలో, బావ జగిత్యాల తెలుగులో, మధ్యమధ్య హిందీ ముక్కలు. ఊరి నడుమ ఎండలో పాతిన గుంజ ఒకటి ఉండేది. సెల్‌ఫోన్లు రాకముందు దాని నీడ చూసి వంతులు మార్చేవారట. తన నాయన తాటిచెట్టు నీడ చూసేవాడని బావ చేతులతో చెట్టంత ఎత్తు చూపించి చెప్పాడు. నీళ్ళు బయటపడ్డ చోట ముందు తాగడానికి పట్టుకోవాలి. ఆ తర్వాత మసీదు. తర్వాత స్నానాల గదులు. చనిపోయినవాళ్ళకు స్నానం చేయించే చిన్న గది వాటి తర్వాత. ఆ కిందే తోటలు. ఈ వరస బావకు నచ్చింది. “ఊరంటె గిట్లుండాలెరా” అనేవాడు. కాని ఆ గదుల్లో ఆఖరు గది ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తలుపు మూసి ఉండేది. సామాన్లు పెట్టుకునే గది అనుకున్నాడు.

ముసలాయనకు మోకాళ్ళు పట్టేశాక కాలువ పని బావ చేతికి వచ్చింది. మడవల్లో రాయికి పాత గోనె చుట్టి అడ్డం పెడతారు. వంతు మారినప్పుడు ఒకటి తీసి ఒకటి పెట్టాలి. అబూ హసన్ గుమ్మంలో కూర్చుని చెయ్యి ఊపేవాడు, బావ పోయి రాయి మార్చేవాడు. ఊరివాళ్ళు మొదట్లో సణిగారు. ఇండియా వాడి చేతిలో ఊరి నీళ్ళు పెట్టారని. చుక్క తేడా రాకపోయేసరికి ఊరుకున్నారు. బావ అక్కకు ఫోన్ చేసి, “మళ్ళ నీరటినైననే” అని చెప్పాడట. అక్క “దానికి ఒమాన్ దాక పోవాల్నా?” అందట.

అబూ హసన్ ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

ఆ పొద్దున జావెద్ నాకు ఫోన్ చేశాడు. “సంజీవ్ భాయ్, జల్దీ రా. మీ బావ ఏదో చేశాడు, ఊరంతా మీద పడుతోంది.”

నేను వెళ్ళేసరికి ఊరి మగవాళ్ళంతా శ్మశానానికి వెళ్ళి ఉన్నారు. కాలువ మళ్ళీ పారుతోంది. బావ తన రేకుల గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెంప మీద వేళ్ళ గుర్తులున్నాయి. ఎవరు కొట్టారో నేను అడగలేదు.

జరిగింది ఇది. ఆడవాళ్ళ ఏడుపు వినగానే బావ లేచి కాలువ మొదటికి పరుగెత్తాడు. కాలువ శుభ్రం చేసేటప్పుడు నీళ్ళను వాగులోకి వదలడానికి అక్కడొక తూము ఉంది. దాన్ని తీసి ఫలజ్ నీళ్ళన్నీ వాగులోకి మళ్ళించాడు. ఊళ్ళోకి చుక్క రాకుండా చేసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని తూము దగ్గర నిలబడ్డాడు. కింద ఊళ్ళో అబూ హసన్‌ను స్నానానికి తీసుకొచ్చారు. ఆ మూసి ఉన్న గదికి. కాలువలో నీళ్ళు లేవు. తడి మాత్రం మిగిలింది. ఎండ పెరుగుతోంది. శవాన్ని ఎక్కువసేపు ఉంచరు. చివరికి ఇంటి మీది ట్యాంకులోంచి బిందెలతో మోసుకొచ్చి స్నానం చేయించారు. అది నీళ్ళ లారీ తెచ్చి పోసే నీరు. జీవితమంతా ఫలజ్‌ను చూసుకున్న మనిషికి ఆఖరి స్నానం లారీ నీళ్ళతో అయింది.

“ఎందుకు చేసినవ్ బావా?”

“మనిషి పోయిండు. నీళ్ళు మూయద్దారా?” నేనే ఏదో తెలియని మాట అడిగినట్టు చూశాడు. “మా ఊళ్ళె ఎవ్వలు పోయినా నాయన తూము మూసెటోడు. శ్మశానానికి కాలువ దాటి పోవాలె. పారె నీళ్ళ మీదికెళ్ళి పీనుగ పోవద్దు. కాలువ వట్టిగ ఉండాలె. ఎవ్వలు చెప్పకున్న నీరటి చెయ్యాలె గది. పెద్దాయనకు నేను గాక ఎవలు చేస్తరు?”

“ఇక్కడ శ్మశానానికి కాలువ అడ్డం లేదు గదా.”

“గది యాదికి రాలే” అన్నాడు. “గా కాలువ నీళ్ళతోనే కడుగుతరని తెల్వదురా” అన్నాడు.

మూడు రోజుల సంతాపం అయ్యాక ఊరు సబ్లాలో కూర్చుంది. సబ్లా అంటే ఊరి పెద్దలు కలిసే పెద్ద గది. గోడల పొడుగునా తివాచీలు, దిండ్లు. కొందరు దీన్ని వాలీ ఆఫీసు దాకా తీసుకుపోవాలన్నారు. షేక్ ఒప్పుకోలేదు. నీళ్ళ గొడవ ముందు వకీల్ దగ్గర తేలాలి, అది పద్ధతి అన్నాడు. వకీల్ చనిపోయి ఉన్నాడు. అప్పటికప్పుడు ఊరు హసన్‌ను వకీల్‌గా ఒప్పుకుంది. అట్లా తండ్రికి అవమానం జరిగినవాడే తీర్పు చెప్పాల్సి వచ్చింది.

తప్పు చేసినవాడికి కూడా అక్కడ ముందు ఖర్జూరం, కాఫీ పెడతారు. కాఫీ చాలనుకుంటే గిన్నెను చేతిలో కొంచెం ఊపాలి. బావకు అది తెలుసు, ఎన్నోసార్లు తాగాడు. ఆ రోజు మరిచిపోయాడు. పోసేవాడు పోస్తూనే ఉన్నాడు, బావ తాగుతూనే ఉన్నాడు. చివరికి నేనే గిన్నె తీసుకుని ఊపి ఇచ్చాను.

బావ చెప్పిందంతా నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మా ఊళ్ళో మర్యాద ఇట్లా ఉంటుంది, ఆయనకు మీ పద్ధతి తెలియదు, అవమానించాలని కాదు అన్నాను. ముసలివాళ్ళు కొందరు తలలాడించారు. వెనక నుంచి ఒకాయన, “వాడి ఊరు ఎవరు చూశారు? ఏ కథైనా చెప్తాడు” అన్నాడు.

హసన్ ముందుకు జరిగాడు. నన్ను ఆపి, నేరుగా బావతో హిందీలో అన్నాడు. “రఘు, నీ తండ్రి కూడా నీళ్ళ మనిషే అని మా నాన్నకు చెప్పావు కదా. ఆయన చనిపోయిన రోజు నీళ్ళు ఆపావా?”

చాలా మామూలుగా అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. తప్పించుకునే దారి చూపిస్తున్నట్టే అనిపించింది నాకు. అవును అంటే సరిపోయేది.

బావ తివాచీ వైపు చూశాడు.

“చెప్పు బావా” అన్నాను మెల్లగా.

చెప్పలేదు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. గదిలో జనం ఒకరినొకరు చూసుకున్నారు. వెనకాయన, “చూశారా” అన్నాడు. హసన్ జనం వైపు తిరిగి, “తోటలో ఉండనివ్వండి. మా నాన్న పెట్టుకున్న మనిషి. కాని ఇకమీదట ఫలజ్ మీద చెయ్యి వెయ్యకూడదు” అన్నాడు.

మిగతావాళ్ళు శిక్ష తక్కువైందనుకున్నారు. వీసా పోలేదు, ఉద్యోగం పోలేదు. నేనూ అదే అనుకుని, బావను రెండు రోజులు ఇబ్రిలో నా రూముకు తీసుకుపోతూ పికప్‌లో “గండం గడిచింది” అన్నాను. బావ తల బయట పెట్టి వాగులవైపు చూడలేదు ఆ రోజు.

ఆ మాటను బావ పట్టుకున్న తీరు చూస్తే హసన్ కూడా అంత కోరి ఉండడు. కాలువలో కాళ్ళు కడగడం మానేశాడు. పంపు నీళ్ళు బకెట్లో పట్టుకొచ్చుకుని స్నానం చేసేవాడు. కాలువ దాటాల్సి వస్తే దూరం నుంచి అడుగులు సరిచూసుకుని ఒక్క అంగలో దాటేవాడు, చుక్క చిందకుండా. హసన్ తోటకు వంతు వచ్చినప్పుడు జావెదే వచ్చి రాయి మార్చిపోయేవాడు. బావ చెట్టెక్కి మట్టలు కొట్టేవాడు, గొర్రెలకు గడ్డి కోసేవాడు, గెలలకు సంచులు కట్టేవాడు. ఇదివరకటి వాగుడు లేదు. జావెద్ ఎగతాళి చేసేవాడు: “రఘు భాయ్, నీ నీడ పడింది కాలువలో. పోయి షేక్‌తో చెప్పనా?” బావ నిజంగానే పక్కకు జరిగి నిలబడేవాడట. ఆ తర్వాత జావెద్ ఆ మాట అనడం మానేశాడు.

ఇంటికి పొమ్మని నేను చెప్పాను. అక్క కూడా చెప్పింది, అసలు సంగతి తెలియకుండానే, బావ ఫోన్‌లో మోకాళ్ళ నొప్పులంటే.

“ఇంటికాడ మాత్రం ముట్టనిస్తరా?” అన్నాడు నాతో. “గీడ కండ్ల ముంగటన్న పారుతున్నయ్. ఎప్పుడో ఒకనాడు హసన్ ముట్టుమంటడు. చూద్దాం.”

అదొక్కటే ఆయన ఆశ. హసన్ బండి ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా పని ఆపి లేచి నిలబడేవాడు. హసన్ సలాం చెప్పి పోయేవాడు.

ఒకరోజు హసన్ మా దుకాణానికి వాల్వ్ కొనడానికి వచ్చాడు. డబ్బులిచ్చాక కదలకుండా కౌంటర్ మీద వేళ్ళతో తట్టుకుంటూ నిలబడ్డాడు.

“మీ బావ నా మీద కోపంగా ఉన్నాడా?”

“లేదు. మీరు పిలుస్తారని చూస్తున్నాడు.”

“నేను ఆయన చెబుతాడని చూస్తున్నాను” అన్నాడు హసన్. “ఆ రోజు నేను అడిగింది జనం కోసం. అవునంటే వాళ్ళ నోళ్ళు నేనే మూయించేవాణ్ణి. ఏమీ చెప్పకపోతే నేనేమనుకోవాలి? మా నాన్న విషయంలో ఎందుకలా చేశాడని నన్ను నేను ఇప్పటికీ అడుగుతున్నాను. ఎప్పుడైనా సరే, వచ్చి నాకొక్కడికే చెప్పమను. ఆ రోజే రాయి ఆయన చేతికిస్తాను.”

ఆ శుక్రవారమే సుదేరా వెళ్ళాను. బావ ఎండుచేపల కూర వండి పెట్టాడు. తింటూ హసన్ అన్నదంతా చెప్పాను.

“ఒక్క మాటనే గదా బావా. మూసిన అను. అయిపోతది.”

“మామిడికాయ తొక్కు వెయ్యాల్నా ఇంత?”

“మాట మార్చకు.”

“మార్చలే. తొక్కు మీ అక్క పంపింది, మంచిగున్నది.”

“చెప్తే నీ సొమ్మేం పోతది?”

బావ ముద్ద పళ్ళెంలోనే ఉంచాడు. “నీళ్ళ కాడ అబద్ధం ఆడద్దురా. నాయన చెప్పెటోడు. నీరటి అబద్ధమాడితె మడి ఎండుతది.”

“అంటే నువ్వు మూయలేదా?”

ఆయన లేచి బయటికి పోయి బకెట్ నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడిగాడు. తిరిగొచ్చి, దుకాణంలో కొత్త పంపుసెట్లు వచ్చినయా అని అడిగాడు. నేను మళ్ళీ ఎత్తలేదు. ఇబ్రికి తిరిగొస్తుంటే, అసలు ఆ ఊళ్ళో అలాంటి ఆచారం ఉందా అన్న అనుమానం నాకూ వచ్చింది. చిన్నప్పుడెప్పుడో ఒకసారి చూసింది మనసులో పెంచుకున్నాడేమో అనుకున్నాను. సబ్లాలో వెనక కూర్చున్న మనిషి అన్నదీ అదే.

ఆ వేసవి గడవకుండానే ఖర్జూరపు మట్ట కొట్టుకొచ్చింది.

ఆసుపత్రి, పోలీసు, ఎంబసీ, విమానం. ఆ పనులన్నిటిలో హసన్ నా వెంట ఉన్నాడు. సెలవు పెట్టి తిరిగాడు. ప్రతి ఆఫీసులో నా బదులు తనే మాట్లాడాడు. ఇబ్రి నుంచి మస్కట్‌కు అంబులెన్స్ బయల్దేరే ముందు పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడి, నా వైపు తిరగకుండానే, “నీకు ఎప్పుడైనా చెప్పాడా?” అని అడిగాడు.

“లేదు” అన్నాను.

తల ఊపాడు. అంబులెన్స్ వెనక తన బండిలో ఇబ్రి పొలిమేర దాటేదాకా వచ్చి ఆగిపోయాడు.

హైదరాబాద్ నుంచి ఊరికి చేరేసరికి వాన. చెరువు నిండి ఉంది. కాలువ మీద ఇప్పుడు కల్వర్టు కట్టారు, బావను తీసుకుపోతుంటే ఎవరి కాలూ తడవలేదు. అక్క ఏడవలేదు. పిట్టకు పెట్టే రోజున విస్తరి తెచ్చి కట్ట కింద పెట్టాం. కాకి రావడానికి చాలాసేపు పట్టింది. అందరం చెట్టు కింద నిలబడి ఎదురుచూశాం. ఎవరో, “ఏం మిగిలిందో మనసుల” అన్నారు. అక్క నా వైపు చూసింది.

ఇంటికొచ్చాక, చుట్టాలు తిని వెళ్ళిపోయాక, అక్క దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. అబూ హసన్ పోయిన పొద్దు, సబ్లా, ఫలజ్ ముట్టొద్దన్న మాట, బకెట్ నీళ్ళు. బావ ఆమెకు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. నీరటి పని బాగా నడుస్తుందనే చెబుతూ వచ్చాడు, చనిపోయే ముందు ఆదివారం దాకా.

“మామ పోయిన దినం నీళ్ళు మూసినవా అని అడిగిండక్కా హసన్. బావ ఏం చెప్పలేదు. అదొక్కటి చెప్పుంటే అయిపోతుండె.”

అక్క చేతిలో చేట పక్కన పెట్టింది.

“అందరి ముంగట అడిగిండా?”

“అందరి ముంగటనే.”

“నువ్వు దినాల నాటికి గదా వచ్చింది. నీకు తెల్వదు.” కొంగుతో నోరు తుడుచుకుంది. “ఎవ్వలు పోయినా మూసిండు మీ మామ. ఊళ్ళె ఇల్లు ఇల్లుకు మూసిండు. ఆయన పోయిన్నాడు కాలువ పారుతనే ఉండె తమ్మీ. మోకాళ్ళ దాక పారుతుండె. ఆ నీళ్ళలకెళ్ళే పాడె దాటిచ్చిన్రు. నిప్పుకుండ పట్టుకొని ముందుగాల దిగింది మీ బావనే.”

“మరెందుకు మూయలేదు?”

“కొత్త షట్టరు వెట్టిన్రు గదా అప్పటికి. దాని తాళం చావి ఇరిగేషనోళ్ళ కాడ, మండలంల. పీనుగను వాకిట్ల పండవెట్టి, చావి అడుగుతనని సైకిల్ మీద పోయిండు మీ బావ.”

“ఇయ్యలేదా?”

“ఎవ్వలున్నరు ఇయ్యటానికి? ఐతారం. ఆఫీసు బందు.”